గుక్కెడు నీళ్లు – 7: ఎక్కేవాళ్లు లేని గద్దె

కిందటి భాగం నారి కురుపు దగ్గర ఆగింది. దిగుడుబావిలోకి దిగి ముంచుకున్న నీళ్లతో పాటు కడుపులోకి పోయి, ఏడాది తిరిగేసరికి కాలి మీద కురుపు లేపి, అందులోంచి మూరెడు పైచిలుకు పొడవున బయటికొచ్చే ఆ పురుగును దేశం ఎలా వదిలించుకుందో చూశాం. 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో చివరి కేసు కనిపించింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇక్కడ ఆ రోగం లేదని ధ్రువపత్రం ఇచ్చింది. దానికి మందంటూ ఏదీ లేదు. పని చేసినవల్లా వడగట్టిన నీళ్లు, మెట్లు మూసేసిన బావులు, ఊరి మధ్య పాతిన చేతిపంపు. మనవాళ్లు ‘బోరింగు’ అని పిలుచుకునే ఇండియా మార్క్-2 అన్నమాట. 1986లో రాజీవ్ గాంధీ మొదలుపెట్టిన సాంకేతిక మిషన్లలో మంచినీటిది ఒకటనీ, ఆ ఊపులోనే బోర్లు ఊరూరా దిగాయనీ చెప్పుకున్నాం.

ఇక ఈ భాగంలో బావులు తక్కువ, ఫైళ్లు ఎక్కువ. విసుక్కోకండి. ఈ ఫైళ్లలో దాగిన కథకు మలుపులేమీ తక్కువ లేవు.

2011 జూలై 12, మంగళవారం. మన్మోహన్ సింగ్ మంత్రివర్గంలో మార్పులు చేర్పులు. రాష్ట్రపతి భవన్‌లో ప్రమాణ స్వీకారానికి కుర్చీలు వేశారు. హోంశాఖలో సహాయమంత్రిగా ఉన్న ముంబయి ఎంపీ గురుదాస్ కామత్‌కు ఆ రోజు పెద్దపీటే వేశామని ప్రభుత్వం అనుకుంది. సహాయమంత్రిగా ఒకరి కింద ఉన్న మనిషికి స్వతంత్ర హోదాతో ఒక శాఖను అప్పగించారు మరి. ఆ శాఖ పేరు తాగునీరు, పారిశుద్ధ్యం. కామత్ ప్రమాణ స్వీకారానికి రాలేదు. మంత్రి పదవికే రాజీనామా ఇచ్చేశారు.

కారణాలను పత్రికలు తలా ఒక రకంగా రాశాయి. ఏది నిజమో తేల్చే పని మనకొద్దు. హోంశాఖలో పోలీసులు, సరిహద్దులు, రోజూ టీవీలో ముఖం కనిపించే అవకాశం. ఇక్కడేమో బోర్లు, గుంతలు, మరుగుదొడ్లు. ఢిల్లీలో అధికారం రుచి తెలిసినవాళ్లెవరికైనా ఈ తేడా వివరించి చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖలో ఒక విభాగంగా ఉన్న తాగునీటి శాఖను విడి మంత్రిత్వ శాఖగా ప్రకటిస్తూ ఉత్తర్వు వెలువడింది జూలై 13న. అంటే బారసాల జరగకముందే బిడ్డను ఎత్తుకోనన్నారు. ఆ 13 సాయంత్రం ముంబయిలో జవేరీ బజార్, ఒపేరా హౌస్, దాదర్ ప్రాంతాల్లో బాంబులు పేలాయి. మర్నాటి పత్రికల నిండా ఆ రక్తమే. కొత్త మంత్రిత్వ శాఖ పుట్టిందన్న కబురు ఏ పేజీలో ఏ మూల పడిందో చదివినవాళ్లు కూడా మరిచిపోయి ఉంటారు.

అలా ఎవరూ చూడని రోజున పుట్టిన ఈ శాఖ ఎనిమిదేళ్లు కూడా బతకలేదు. ఆ కొద్ది కాలంలోనే, అందరూ వద్దనుకున్న పని ఎర్రకోట బురుజు మీదికెక్కింది. ఎలాగో చూద్దాం.

చేతులు మారిన బిడ్డ

అసలు ఊరి నీళ్ల బాధ్యత ఢిల్లీలో ఎన్ని ఇళ్లు మారిందో ముందు తెలియాలి. 1954లో తొలి జాతీయ నీటి సరఫరా కార్యక్రమం మొదలైనప్పుడు అది ఆరోగ్యశాఖ చేతిలో ఉండేది. కలరా, టైఫాయిడు నీళ్ల వల్లే వస్తాయి గనుక డాక్టర్ల శాఖే నీళ్లు చూసుకోవాలన్నది లెక్క. ఆ ఏడే ఇంజనీర్ల కోసం ఒక కేంద్ర సంస్థను కూడా ఆరోగ్యశాఖ కిందే పెట్టారు. డాక్టర్ల ఇంట్లో ఇంజనీర్లు ఎంతకాలం ఇమడగలరు? 1970ల మొదట్లో వాళ్లను తీసుకెళ్లి పనులు, గృహనిర్మాణ శాఖలో కలిపారు. నీళ్లు రోగానికి సంబంధించినవి కాకుండా పోయి, గొట్టాలకూ సిమెంటుకూ సంబంధించినవి అయ్యాయి. ఈ చిన్న బదిలీ ఫలితం పెద్దది. ఆ తరవాత ఎన్ని బోర్లు వేశామన్న లెక్కే గాని, ఎంతమంది పిల్లలకు విరేచనాలు తగ్గాయన్న లెక్క నీటి కాగితాల్లో కనిపించడం తగ్గింది.

1985లో పట్టణాల నీళ్లు ఒక దారి, పల్లెల నీళ్లు ఒక దారి అయ్యాయి. పల్లెది గ్రామీణాభివృద్ధి వైపు వచ్చింది. మర్నాడే అన్నట్టు 1986లో కేంద్రీయ గ్రామీణ పారిశుద్ధ్య కార్యక్రమం అని ఒకటి పుట్టింది. మరుగుదొడ్డి కేంద్ర ప్రభుత్వ పథకాల్లో విడిగా పేరు సంపాదించుకున్నది అప్పుడే. 1999లో వాజపేయి ప్రభుత్వం తాగునీటికి ఒక విభాగం కట్టి, అదే ఏడు సంపూర్ణ పారిశుద్ధ్య ఉద్యమం మొదలుపెట్టింది. 2002 డిసెంబరు 25న స్వజలధార వచ్చింది. ఊరివాళ్లు ఖర్చులో 10 శాతం పెట్టుకుంటే మిగతాది సర్కారు ఇస్తుందన్నది దాని పద్ధతి. 2010లో విభాగం పేరు చివర పారిశుద్ధ్యం కూడా వచ్చి చేరింది. మరుసటి ఏడు మంత్రిత్వ శాఖ హోదా.

పేరు గొప్పే గాని చేతిలో ఏముంది? పట్టణాల కుళాయి మీద ఈ శాఖకు అధికారం లేదు, అది పట్టణాభివృద్ధి వాళ్లది. నదులు, భూగర్భ జలాలు జలవనరుల శాఖవి. పొలంలో వంద బోర్లు తోడేసి ఊరి బోరు ఎండబెడితే ఈ శాఖ నోరు తెరవలేదు. పాకీ పనిని నిషేధించే చట్టం సామాజిక న్యాయశాఖది. 2014 నుంచి బడిలో మరుగుదొడ్డి విద్యాశాఖకూ, అంగన్‌వాడీలోది మహిళా శిశుసంక్షేమానికీ పోయాయి. పైగా రాజ్యాంగం ప్రకారం నీళ్లూ పారిశుద్ధ్యమూ రాష్ట్రాల పని. 73వ సవరణ తరవాత పంచాయతీల పని కూడా. కాబట్టి లోధీ రోడ్డులోని సీజీఓ కాంప్లెక్సులో కూర్చున్న ఈ మంత్రిత్వ శాఖకు ఒక సంచీ, ఒక చిట్టాపుస్తకం ఉన్నాయనుకోండి. సంచీలోంచి డబ్బు తీసి రాష్ట్రాలకు ఇవ్వాలి, వాళ్లు పంపిన లెక్క చిట్టాలో ఎక్కించాలి. చిట్టా అబద్ధమాడితే ఏమవుతుందో కాసేపట్లో చూస్తాం.

ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు

శాఖ పేరులో తాగునీరు ముందు, పారిశుద్ధ్యం వెనక. ఆ వరసే డబ్బులోనూ. 2011-12 బడ్జెట్టులో పల్లె తాగునీటికి 9,350 కోట్లు, మరుగుదొడ్లకు 1,650 కోట్లు. తాగునీరు పెద్దకోడలు. పుట్టింటి నుంచి సారె తెచ్చుకున్న మనిషి. మరుగుదొడ్డి వెనక గడపలోంచి ఇంట్లోకొచ్చిన చిన్నకోడలు.

దీనికి రాజకీయ కారణం చాలా సులువుగా అర్థమవుతుంది. ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారనుకోండి, దాని కింద నల్లరాతి ఫలకం పెడతారు. ఎమ్మెల్యే గారు వచ్చి రిబ్బను కత్తిరిస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఫొటో పడుతుంది. ట్యాంకులోకి నీళ్లు ఎక్కకపోయినా ఫలకం ముప్పై ఏళ్లు ఉంటుంది. మరుగుదొడ్డికి ఎవరు రిబ్బను కడతారు? ఓట్లు అడగడానికొచ్చిన నాయకుణ్ని ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలదీసిన సంగతులు మనందరికీ తెలుసు. చెంబు పట్టుకుని నిలదీసినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా? సిగ్గు ఆ నోరు కట్టేసింది.

ఆ సిగ్గు వెనక ఉన్న రోజువారీ బతుకు ఇదీ. పల్లెల్లో ఆడవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఇద్దరు ముగ్గురు కలిసి తుమ్మచెట్ల వైపో చెరువు కట్ట కిందికో వెళ్లేవారు. మళ్లీ పొద్దు గూకాకే. రోడ్డు పక్కన కూర్చుంటే దూరంగా లారీ లైట్లు పడగానే చప్పున లేచి నిలబడడం, అది పోయాక మళ్లీ కూర్చోవడం. వానాకాలం పాములు, ఎండాకాలం కోత కోసిన పొలాల్లో మరుగు లేకపోవడం. కౌలుకిచ్చిన చేలోకి వెళ్తే ఆసామి తిట్లు. నిండు గర్భిణికీ పక్షవాతం వచ్చిన ముసలమ్మకూ ఇదే దారి. పగటిపూట అవసరం పడకుండా చాలామంది నీళ్లు తాగడమే తగ్గించుకునేవారు. మైలు దూరం నుంచి బిందెడు నీళ్లు మోసుకొచ్చిన మనిషే గుక్కెడు తాగడానికి వెనకాడేది. నీళ్ల కథనూ మరుగుదొడ్డి కథనూ విడదీసి చెప్పడం కుదరదని నాకు అనిపించేది ఇక్కడే. ఢిల్లీ కాగితాల్లో తోడికోడళ్లు పోట్లాడుకుంటారు. ఊళ్లో మాత్రం రెండు బరువులూ ఒకే ఆడమనిషి నెత్తిన ఉంటాయి.

జైరాం నోరు, జనగణన లెక్క

కామత్ వద్దన్న శాఖ జైరాం రమేశ్ దగ్గరికి వచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన మనిషి. ఆ మార్పుల్లోనే పర్యావరణ శాఖ నుంచి గ్రామీణాభివృద్ధికి క్యాబినెట్ మంత్రిగా మారారు. తాగునీరు, పారిశుద్ధ్యం అదనపు బాధ్యత. అదనం కదా అని ఊరుకునే స్వభావం కాదు ఆయనది. నలుగురూ నోటికి రానివ్వని మాటను పట్టుకుని ఊరేగించారు. క్షిపణులు తయారుచేసే రక్షణ పరిశోధన సంస్థ సభలో నిలబడి, ఇళ్లలో మరుగుదొడ్లు లేకుండా అగ్ని క్షిపణులు ప్రయోగించి ఏం లాభమన్నారు. మరుగుదొడ్డి లేని ఇంటికి కోడలిగా వెళ్లొద్దని ఆడపిల్లలకు చెప్పారు. విద్యాబాలన్‌ను ప్రచారకర్తగా తెచ్చారు. మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లాలో మరుగుదొడ్డి లేదని అత్తారింటి నుంచి పుట్టింటికి నడిచి వెళ్లిపోయిన ఒక కొత్త కోడలి కథ అప్పట్లో దేశమంతా తిరిగింది.

2012 అక్టోబరులో, మన దేశంలో గుళ్లకంటే మరుగుదొడ్లు ముఖ్యమన్నట్టు ఆయన మాట్లాడేసరికి ప్రతిపక్షం మండిపడింది. ఆయన ఇంటి ముందు నిరసనలు జరిగాయి. సరిగ్గా ఏడాదికి, 2013 అక్టోబరులో, ప్రధాని అభ్యర్థిగా ఢిల్లీ వచ్చిన నరేంద్ర మోదీ ముందు మరుగుదొడ్డి, తరవాతే గుడి అన్న అర్థంలో మాట్లాడారు. ఈసారి చప్పట్లు మోగాయి. ఒకే మాట, రెండు నోళ్లు. ఏది ఎవరి నోట వస్తుందన్నదే మన రాజకీయాల్లో సగం అర్థం.

కానీ జైరాం హయాంలో నిజమైన పిడుగు ఆయన మాటల్లోంచి పడలేదు, జనగణనలోంచి పడింది. 2011 జనగణనలో ఇళ్ల లెక్కలు 2012 మార్చిలో బయటికొచ్చాయి. దేశంలో 63.2 శాతం ఇళ్లలో ఫోను ఉంది, 46.9 శాతం ఇళ్లలోనే మరుగుదొడ్డి ఉంది. పల్లెల్లో అయితే 30.7 శాతం. 2001లో ఇది 21.9. ఇళ్ల సంఖ్య పెరగడాన్ని కూడా కలుపుకుని చూస్తే పదేళ్లలో పల్లెల్లో కొత్తగా మరుగుదొడ్డి వచ్చిన ఇళ్లు సుమారు 2 కోట్లు. మంత్రిత్వ శాఖ చిట్టాలో కట్టినట్టు రాసి ఉన్నవి అంతకంటే కొన్ని కోట్లు ఎక్కువ.

ఆ కోట్లు ఏమయ్యాయి? కొన్ని కాగితం మీదే కట్టారు. కొన్ని కట్టాక కూలిపోయాయి, ఎందుకంటే సంపూర్ణ పారిశుద్ధ్యం మొదలైన రోజుల్లో ఇచ్చే ప్రోత్సాహకం వందల రూపాయల్లోనే ఉండేది. ఆ డబ్బుకు నాలుగు సిమెంటు పలకలు, ఒక గోనెపట్టా తెర వస్తే గొప్ప. ఇంకొన్ని నిలబడ్డాయి గాని వాటిలో పిడకలు, కట్టెలు, కోళ్లగంప కాపురం పెట్టాయి. మన మండలాఫీసు భాషలో ‘ఐఎస్‌ఎల్’ అని పిలిచే ఆ గదిని ఊళ్లో చాలా ఇళ్లు గోదాముగానే చూశాయి. దాన్ని తప్పు పట్టలేం. వాన పడ్డా తడవని కట్టెల గది కూడా ఒక అవసరమే కదా.

బహుమతుల కథ కూడా ఇలాగే వాడింది. బయటికి వెళ్లే అలవాటు పూర్తిగా మానేసిన పంచాయతీలకు నిర్మల్ గ్రామ పురస్కారం ఇవ్వడం 2003లో తలపెట్టి, 2005లో తొలిసారి అందించారు. సర్పంచులు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి కలాం చేతుల మీదుగా జ్ఞాపిక అందుకున్నారు. అది సర్పంచికి జీవితంలో మరిచిపోలేని రోజు. ఆ ఉత్సాహంతో తరవాతి ఏళ్లలో వేల పంచాయతీలకు ఈ పేరు వచ్చింది. జ్ఞాపిక పంచాయతీ ఆఫీసు అలమరలోకి చేరాక చాలా ఊళ్లు మళ్లీ పొలం బాట పట్టాయి.

జైరాం దీన్ని దాచకుండా ఒప్పుకున్నారు. 2012 ఏప్రిల్ నుంచి పథకానికి నిర్మల్ భారత్ అభియాన్ అని పేరు మార్చి, కేంద్రం 3,200, రాష్ట్రం 1,400 రూపాయల చొప్పున ఇచ్చేట్టు పెంచారు. దానికి ఉపాధి హామీ నుంచి 4,500 కలిపారు. లెక్క బాగుంది. ఆచరణలో చిక్కు పడింది. ఒకే గుంతకు రెండు శాఖల డబ్బు, రెండు మస్టర్లు, రెండు సంతకాలు. ఉపాధి హామీ టెక్నికల్ అసిస్టెంటు కొలతలు రాసుకుపోతాడు, పారిశుద్ధ్యం వాళ్లు వేరే ఫారం నింపమంటారు. బిల్లు ఎక్కడ ఆగిందో సర్పంచికీ తెలియదు. పెళ్లి చేశారు గాని జాతకాలు కలవలేదు.

2012 అక్టోబరు చివర భరత్‌సింహ్ సోలంకి వచ్చారు. 2014 మే వరకు ఆయనే. ఆ కాలంలో పెద్ద గాలి వీచలేదు. డబ్బు మాత్రం మెల్లగా పెరుగుతూ వచ్చింది. 2012-13లో 14,000 కోట్లు, మరుసటి ఏడు 15,260 కోట్లు. చిన్నకోడలి వాటా ఇప్పటికీ మూడో వంతుకు లోపే.

ఎర్రకోట మీద

2014 మే 26న కొత్త ప్రభుత్వం. గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్, తాగునీరు-పారిశుద్ధ్యం మూడూ కలిపి గోపీనాథ్ ముండేకు ఇచ్చారు. మహారాష్ట్ర పల్లెల్లోంచి వచ్చిన నాయకుడు. జూన్ 3 ఉదయం ఢిల్లీలో కారు ప్రమాదంలో మరణించారు. సరిగా ఎనిమిది రోజులు కూర్చున్నారో లేదో. తరవాత గడ్కరీ కొన్నాళ్లు అదనంగా చూశారు, నవంబరులో బీరేంద్ర సింగ్, 2016లో నరేంద్ర సింగ్ తోమర్, 2017లో ఉమాభారతి. కామత్‌ను లెక్కలోంచి తీసేసినా ఎనిమిదేళ్లలో ఏడుగురు మంత్రులు.

మంత్రి ఎవరన్నది ఇప్పుడు పెద్ద విషయం కాకుండా పోయింది. ఎందుకంటే 2014 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి మరుగుదొడ్డి మాట ఎత్తారు. స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో, త్రివర్ణ పతాకం కింద. అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది, గడువు 2019 అక్టోబరు 2, గాంధీ 150వ జయంతి. ఇంటికి 12,000 రూపాయలు. ఉపాధి హామీతో చేసిన ఆ పెళ్లి రద్దు. డబ్బంతా ఒకే సంచీలోంచి.

ఇక్కడొక మనిషి గురించి చెప్పాలి. పరమేశ్వరన్ అయ్యర్. ఉత్తరప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్‌గా 1990ల్లో స్వజల్ పథకం నడిపి, తరవాత స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని ప్రపంచ బ్యాంకులో నీళ్ల పనే చేసుకుంటున్న ఆయన్ను 2016లో పిలిచి ఈ శాఖకు కార్యదర్శిని చేశారు. ఒకసారి బయటికి వెళ్లిపోయిన అధికారిని కార్యదర్శి కుర్చీలో కూర్చోబెట్టడం ఢిల్లీలో అరుదు. లోపల కొందరికి అది నచ్చి ఉండదని ఊహించుకోవచ్చు.

ఆయన చేసిన ఒక పని మన గడ్డ మీదే జరిగింది. 2017 ఫిబ్రవరి 18. వరంగల్ దగ్గర గీసుగొండ మండలం గంగదేవిపల్లి. మద్యం మానేసి, ఊరి పనులను కమిటీలుగా పంచుకుని నడుపుకునే ఊరిగా అప్పటికే పేరున్న చోటు. 23 రాష్ట్రాల అధికారులను వెంటబెట్టుకుని వచ్చిన కేంద్ర కార్యదర్శి, ఒక ఇంటి మరుగుదొడ్డి గుంతలోకి దిగి, పార పట్టి ఎండిన ఎరువు పైకి ఎత్తిపోశారు. మిగతా అధికారులూ వంతులవారీగా దిగారు. చేతిలోకి తీసుకుంటే కాఫీ పొడిలా ఉంది, వాసన లేదు. ప్రధాని ఆ నెల రేడియో ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు.

ఇది ఫొటో కోసం చేసిన వేషమని తీసిపారేసినవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ఎందుకో తెలియాలంటే రెండు గుంతల మరుగుదొడ్డి సంగతి కాస్త తెలియాలి. ఒక దొడ్డికి రెండు గుంతలు తవ్వుతారు. ఇటుకల మధ్య సందులు వదిలి కడతారు, నీరు భూమిలోకి ఇంకిపోయేలా. మధ్యలో చిన్న చాంబరు. ఒక గుంత వాడుతున్నప్పుడు రెండోదాని దారి మూసేస్తారు. కొన్నేళ్లకు అది నిండితే దారి మార్చి, నిండినదాన్ని ఏడాదికి పైగా కదపకుండా వదిలేస్తారు. లోపల ఉన్నది మట్టిగా మారుతుంది. ఎత్తి పొలంలో వేసుకోవచ్చు. ఖర్చు తక్కువ, కడగడానికి ఒకటి రెండు లీటర్ల నీళ్లు చాలు. నీళ్లు మోసుకొచ్చే ఇంటికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

అయినా జనం దీన్ని నమ్మలేదు. ‘గుంత నిండితే ఎవరు తీస్తారు?’ అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. ఆ ప్రశ్న లోపల ఉన్నది కులం. తరతరాలుగా ఒక కులం మీద రుద్దిన పనిని తమ చేతులతో చేయడం అన్న ఊహే మిగతావాళ్లకు సహించలేదు. ఆ కులంవాళ్లు ఇక మేం చేయమంటున్నారు, అది వాళ్ల హక్కు. అందుకే స్థోమత ఉన్నవాళ్లు గది అంత పెద్ద సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నారు, తమ జీవితంలో నిండదని. స్థోమత లేనివాళ్లు చిన్న గుంతను ‘దాచి’ వాడుకున్నారు. ఇంట్లో ముసలివాళ్లకూ ఆడవాళ్లకూ మాత్రమే, మగవాళ్లు మామూలుగా బయటికే. 2014లో ఉత్తరాదిన 5 రాష్ట్రాల్లో జరిగిన ఒక సర్వేలో, పనిచేసే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో 40 శాతానికి పైగా ఇళ్లలో కనీసం ఒకరు బయటికే వెళ్తున్నారని తేలింది. డబ్బుకు లొంగని ముడి అది. గంగదేవిపల్లిలో పార పట్టిన పెద్ద ఉద్యోగులు ఆ ముడి మీదే చెయ్యి వేశారు. ఒక్క పూటలో అది విడిపోదు, నిజమే. దాని పేరు ఎత్తకుండా పథకాలు నడిపిన అరవై ఏళ్లతో పోలిస్తే మాత్రం ఆ పూటకు విలువుంది.

పెద్దకోడలి అలక

గడువు దగ్గరపడే కొద్దీ తొందర పెరిగింది. తెల్లవారుజామున పిల్లలు, ఆడవాళ్లు ఈలలు పట్టుకుని చెరువు గట్టున కాపలా. బయటికి వెళ్లినవాణ్ని చూసి ఈల ఊదడం, పూలదండ వేసి ఫొటో తీయడం. కొన్నిచోట్ల రేషను ఆపేస్తామని బెదిరింపులు. సిగ్గు నోరు కట్టేస్తుందని ఇందాక అన్నాను. ఇప్పుడు ఆ సిగ్గునే కర్రగా తిప్పారు. 2017 నవంబరులో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి లియో హెల్లర్ వచ్చి ఈ పద్ధతులను తప్పుపడితే ప్రభుత్వం గట్టిగా తిప్పికొట్టింది. ఎవరి సిగ్గును ఎవరు వాడుకోవచ్చన్న ప్రశ్న మాత్రం నిలిచిపోయింది. దండ పడింది పేదవాడి మెడలోనే గాని, కాంట్రాక్టరు మెడలో పడినట్టు నేనెక్కడా చదవలేదు.

ఈ హడావుడిలో సంచీ బరువు తారుమారైంది. 2017-18 బడ్జెట్టులో స్వచ్ఛ భారత్‌కు 13,948 కోట్లు, తాగునీటికి 6,050 కోట్లు. 2018-19లో 15,343 కోట్లకు 7,000 కోట్లు. ఏడేళ్ల కిందట 9,350కి 1,650 అన్న లెక్క గుర్తుందిగా? పెద్దకోడలు వంటింటి మూలన కూర్చుంది, చిన్నకోడలు పట్టుచీర కట్టింది.

2018 ఆగస్టులో కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. జాతీయ గ్రామీణ తాగునీటి పథకం మీద 2012 నుంచి 2017 దాకా 81,168 కోట్లు ఖర్చయింది. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున నీళ్లందే ఆవాసాలు ఆ అయిదేళ్లలో పెరిగింది 5.5 శాతమే. 2017 నాటికి పల్లెల్లో 35 శాతం ఇళ్లకు కుళాయి అనుకుంటే, అందింది 16.8 శాతానికి. నీళ్లు లేకపోతే కొత్త మరుగుదొడ్డి ఎవరు కడగాలి? అదే ఆడమనిషి. ఒక బిందె అదనంగా. ఈ ఒక్క బిందె ఏ చిట్టాలోనూ లేదు.

2019 మే నెలలో ఎన్నికలు అయ్యాక తాగునీరు, పారిశుద్ధ్యం మంత్రిత్వ శాఖను జలవనరుల శాఖతో కలిపి జల్‌శక్తి అని పేరు పెట్టారు. ఎనిమిదేళ్ల కిందట ఒక విభాగంగా బయలుదేరింది మళ్లీ విభాగంగానే ఇంకో ఇంట్లో అడుగుపెట్టింది. అక్టోబరు 2 సాయంత్రం సబర్మతి ఒడ్డున, 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టామనీ, పల్లె భారతం బహిరంగ మలవిసర్జన నుంచి బయటపడిందనీ ప్రకటించినప్పుడు, ఆ పని మొదలుపెట్టిన మంత్రిత్వ శాఖ బోర్డు అప్పటికే దించేశారు. నవంబరులో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ల సర్వే వచ్చింది. 2018 ద్వితీయార్ధంలో పల్లెల్లో మరుగుదొడ్డి అందుబాటులో ఉన్న ఇళ్లు 71.3 శాతం అంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. చిట్టా ఒక మాట, గడప గడపకూ తిరిగినవాళ్లు ఒక మాట. 2012 మార్చి నాటి గొడవే మళ్లీ. ఒక తేడా ఉంది. అప్పుడు 30 శాతం దగ్గర కొట్టుకున్నాం, ఇప్పుడు 70 పైన.

మూలన కూర్చున్న పెద్దకోడలు మాత్రం ఎక్కువ రోజులు అలా ఉండలేదు. 2019 ఆగస్టు 15న, అదే ఎర్రకోట మీద, ఈసారి కుళాయి పేరు వినిపించింది. అప్పటికి పల్లెల్లో కుళాయి ఉన్న ఇళ్లు 3.23 కోట్లు. ఢిల్లీ ఆ మాట అనడానికి మూడేళ్ల ముందే, 2016 ఆగస్టు 7న, గజ్వేల్ దగ్గర కోమటిబండ గుట్ట మీద ఒక చక్రం తిప్పి నీళ్లు వదిలిన సంగతి మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వచ్చే భాగం ఆ గుట్ట మీంచి మొదలవుతుంది. కృష్ణా గోదావరుల నీళ్లు గొట్టాల్లో ఎక్కి నల్గొండ ఫ్లోరైడు పల్లెల దాకా ఎలా నడిచాయో, ఆ నీళ్లు ఇంటి ముందు పారుతుంటే కూడా ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా మన ఇళ్లలోంచి ఎందుకు కదలలేదో అక్కడ చూద్దాం.